34వ స్థానం

మనం ఈరోజు తలచుకుంటున్న మా గురువుగారికి పొగడ్తలంటే గిట్టేది కాదు. అందుకే నేరుగా టీ-ఆర్ఎన్ఏ దగ్గరికే వస్తాను.

64 గళ్ల జన్యుసంకేత పట్టిక ఇంటర్మీడియట్‌లో అందరం బట్టీ పట్టిందే. మూడక్షరాల కోడాన్, దానికెదురుగా ఒక అమైనో ఆమ్లం. జన్యువులో ఏముంటే అదే ప్రొటీన్‌గా దిగుతుందన్న నమ్మకం అక్కడే పడుతుంది. నా పేచీ ఆ నమ్మకంతోనే. కోడాన్‌ను చదివి, దానికి తగ్గ అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చేది టీ-ఆర్ఎన్ఏ. జన్యువు నుంచి వచ్చేటప్పటికి అది ఇంకా ముడిసరుకే. ఎంజైములు దాని అక్షరాలను మార్చాకే ఆ పట్టిక నిజమవుతుంది.

1965లో రాబర్ట్ హోలీ బృందం ఈస్ట్‌లోని అలనిన్ టీ-ఆర్ఎన్ఏ అక్షరక్రమం తేల్చింది. అందులో మామూలు నాలుగింటితోపాటు సూడోయూరిడిన్, ఇనోసిన్ వంటివీ కనిపించాయి. టీ-ఆర్ఎన్ఏలో కోడాన్‌తో జతకట్టే మూడక్షరాలను యాంటికోడాన్ అంటారు. దాని మొదటి అక్షరమైన ఇనోసిన్ యూ, సీ, ఏ మూడింటితోనూ జతకట్టగలదని మరుసటి ఏడాది క్రిక్ ఊహించాడు. టీ-ఆర్ఎన్ఏలలో ఇలాంటి మార్పులు ఇప్పటికి వందకు పైగా తెలుసు. వాటన్నిటి జాబితా చదివి మిమ్మల్ని విసిగించను, ఒక్కటి చాలు.

ఈ-కోలి బాక్టీరియాలో ఏయూజీ అంటే మెథియొనిన్, ఏయూఏ అంటే ఐసోల్యూసిన్. చిక్కేమిటంటే, ఏయూఏ చదవాల్సిన టీ-ఆర్ఎన్ఏకు జన్యువు ఇచ్చే యాంటికోడాన్ సీఏయూ. మెథియొనిన్ టీ-ఆర్ఎన్ఏదీ అచ్చంగా అదే! అలాగే వదిలేస్తే దానిమీద మెథియొనినే ఎక్కుతుంది, అది ఏయూజీనే చదువుతుంది. ఇక్కడ టిల్‌ఎస్ అనే ఎంజైము రంగంలోకి దిగుతుంది. ఏటీపీ ఖర్చుపెట్టి, 34వ స్థానంలోని, అంటే యాంటికోడాన్ మొదటి అక్షరమైన, సిటిడిన్ రెండో కార్బన్‌కు ఒక లైసిన్ అణువును అతికిస్తుంది. 1988లో మురమత్సు, యొకొయామా తదితరులు వెల్లడించిన, లైసిడిన్ అనే ఈ మారిన అక్షరం జీని వదిలి ఏతో జతకడుతుంది. మెథియొనిన్ ఎక్కించే ఎంజైము ఇక దాని జోలికి రాదు. ఐసోల్యూసిన్ ఎంజైము మాత్రం గుర్తుపడుతుంది. ఏ అమైనో ఆమ్లం ఎక్కాలి, ఏ కోడాన్ చదవాలి అన్న రెండు ప్రశ్నలూ ఒక్క అతుకుతో తేలిపోయాయి. మరి టిల్‌ఎస్ పొరపాటున అసలు మెథియొనిన్ టీ-ఆర్ఎన్ఏకే లైసిన్ అతికిస్తే? అతికించదు. యాంటికోడాన్‌తో సరిపెట్టుకోకుండా, అమైనో ఆమ్లం ఎక్కే కాండాన్నీ తడిమి చూసుకుంటుంది.

బాక్టీరియాకు వేరైన సూక్ష్మజీవుల వంశం ఆర్కియాలలో లైసిడిన్ లేదు. అక్కడ అదే చోట లైసిన్‌కు బదులు అగ్మాటిన్ అనే అణువు అతుకుతుందని 2010లో బయటపడింది. బయటపెట్టినవారిలో ఒకరు నేపాల్‌లో పుట్టి, ఖొరానా దగ్గర పనిచేసిన ఉత్తమ్ రాజ్‌భండారీ. ఒకే చిక్కును రెండు వంశాలు వేర్వేరు ఎంజైములతో విప్పుకోవడం నాకు లైసిడిన్‌కన్నా ముచ్చటగా తోస్తుంది.

మన మైటోకాండ్రియాలో కొన్ని టీ-ఆర్ఎన్ఏల 34వ స్థానంలో అతుక్కుని ఉండేది టారిన్ అనే అణువు. మెలాస్ అనే జబ్బులో చిన్న వయసులోనే పక్షవాతంలాంటి దాడులు, మూర్ఛలు వస్తాయి. చాలామంది రోగుల్లో మైటోకాండ్రియా డీఎన్ఏ 3243వ అక్షరం ఏ కాస్తా జీ అయి ఉంటుంది. ఆ మార్పు పడేది అలాంటి ఒక టీ-ఆర్ఎన్ఏ జన్యువులోనే, కానీ యాంటికోడాన్‌లో కాదు, దానికి దూరంగా ఉంది. అయినా 34వ చోట టారిన్ అతకదు, యూయూజీ కోడాన్ చదవడం కుంటుపడుతుంది. జపాన్‌లో 10 మంది రోగులకు ఏడాదిపాటు ఎక్కువ మోతాదులో టారిన్ ఇచ్చి చూశారు. కొందరి తెల్లరక్తకణాల్లో ఆ అతుకు పెరిగింది, దాడులు తగ్గాయి. 2019లో అక్కడి ప్రభుత్వం అనుమతీ ఇచ్చింది. పదిమందితో చేసిన పరీక్షను చూసి జబ్బుకు మందు దొరికిందని నేననను. కానీ 34వ స్థానం సంగతి తెలియకపోయి ఉంటే, ఈ రోగులకు టారిన్ ఇచ్చి చూడాలన్న ఆలోచన ఎవరికి వచ్చేది?