హెడ్డింగుకు ఎక్కని పేరా

ఈరోజు పట్టాలు అందుకున్న జర్నలిజం విద్యార్థులకు అభినందనలు. వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలకు ఇంకాస్త ఎక్కువ. ఫీజులు కట్టింది వాళ్లే కదా.

పొద్దున ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగాను. మెట్ల పక్కన ఒకాయన సిమెంటు సంచి పరుచుకుని పడుకున్నాడు. తలకింద దిండు లేదు, చెప్పుల జత ఉంది. వదిలి పడుకుంటే తెల్లారేసరికి ఉండవని భయం.

ఆయన్ని చూస్తే నా తప్పొకటి గుర్తొచ్చింది. 2024 సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డు ఇళ్ల మీద, కూల్చడానికి గుర్తుగా, ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. ఇటు చైతన్యపురిలోనూ జనం రోడ్డెక్కారు. నవంబర్ 13న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ ధర్మాసనం, కూల్చాలంటే 15 రోజుల ముందు నోటీసివ్వాలంది. బుల్డోజర్‌కు కళ్లెం పడిందని టీవీలన్నీ హోరెత్తాయి. ఆ సాయంత్రం చైతన్యపురి టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన, “ఇగ మా ఇండ్లకు డోకా లేనట్టేనా సారూ?” అనడిగాడు. లేదన్నాను. అప్పటికి నేను చదివింది స్క్రోలింగు మాత్రమే.

రాత్రి తీర్పు తెరిస్తే అందులో ఒక పేరా ఉంది. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు... ఇలాంటి చోట్ల అనధికార కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవట. మర్నాడు వెళ్లి చెప్పాను. “మరి పేపర్ల అట్ల రాయలె గద?” అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు.

మీరు పరీక్షకు చదివిన ఓల్గా టెల్లిస్ కేసూ ఇంతే. 1981లో బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల కోసం కోర్టుకెక్కిన ఆమె జర్నలిస్టు, మన వృత్తి మనిషి. జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. అది అందరికీ కంఠతా వచ్చు. ఫుట్‌పాత్ ఖాళీ చేయించొచ్చని కూడా ఆ తీర్పే చెప్పింది. వాళ్లకు వానాకాలం దాటేదాకా, అక్టోబర్ 31 దాకా గడువిచ్చింది.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో నిరాశ్రయుల షెల్టర్ల కేసు విచారణకొస్తే, ఉచితాల మీద న్యాయమూర్తి అన్న మాటే పతాక శీర్షికైంది. బెంచి మీద నోటిమాట వేరు, సంతకం పెట్టిన ఉత్తర్వు వేరు. షెల్టర్ల సంగతి లోపలి పేజీకి పోయింది.

పెద్ద నగరాల్లో లక్ష జనాభాకొక షెల్టరుండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఒక రాత్రి నడిచి, ఆ చెప్పులాయనకు దగ్గర్లో ఏముందో మీలో ఎవరైనా రాయండి. అచ్చయ్యాక నాకో కాపీ పంపండి.