గొంతులో తెల్ల గింజలు: పిన్నీసుతో పొడవొద్దు

మైపాడు బీచ్ నుంచి మాట్లాడుతున్నా, గాలి శబ్దం వస్తే ఏమనుకోవద్దు.

సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో మీటింగ్‌లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేవాణ్ణి. రెండు పూటలా బ్రష్ చేసినా వాసన పోయేది కాదు. ఒకరోజు దగ్గితే బియ్యపు నూకంత తెల్ల ముక్క బయటపడింది. అదే టాన్సిల్ స్టోన్.

టాన్సిల్స్ మీద చిన్న చిన్న గుంటలుంటాయి. తిండి తునకలు, చచ్చిన కణాలు, బ్యాక్టీరియా వాటిలో ఇరుక్కుని, కాల్షియం చేరి గట్టిపడతాయి. ఆ బ్యాక్టీరియా వదిలే గంధకపు వాయువులదే ఆ కంపు.

నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. పిన్నీసుతో పొడిచా, రక్తం వచ్చింది. భయమేసి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తా. "రాయి కాదబ్బయా, పిన్నీసే ప్రమాదం" అన్నారాయన.

తిన్నాక గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి గొంతుదాకా పుక్కిలించండి. ఎదురుగా సముద్రం ఉంది కదా అని ఆ నీళ్లు కాదు! బద్దతో నాలుక గీసుకోండి. నీళ్లు బాగా తాగండి, సిగరెట్ మానండి. మాటిమాటికీ వచ్చి బాగా ఇబ్బంది పెడితేనే ఆపరేషన్ మాట. ఒక పక్క టాన్సిలే పెరుగుతున్నా, మింగడం కష్టమైనా, రక్తం పడినా మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు నోటికి చెయ్యి అడ్డం లేదు, చూస్తున్నారుగా. ఉంటానండి.