ఇంటిలో క్యాన్సరు రోగి: మన కర్తవ్యము
(భిలాయి-3 తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను. సచివాలయమున కాగితములతో కాలము గడపువాడను. అయినను వైద్యుడు రోగిని చూచునది కొద్ది నిమిషములు మాత్రమే. మిగిలిన దినమంతయు కనిపెట్టి యుండవలసినవారము మనము. ఆ భాగమును గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ కాలమునుండి ఉక్కు కర్మాగారమునకును, రైల్వే యార్డునకును పనికై వచ్చిన మనవారిలో పెక్కురు ఇచ్చటనే వృద్ధులైరి. క్యాన్సరు చాలవరకు వయస్సుతో పాటు హెచ్చు వ్యాధి. స్వగ్రామమందైనచో పిన్నమ్మయో, మేనత్తయో వచ్చి మంచము ప్రక్కన కూర్చుండును. ఇచ్చట భర్త షిఫ్టు డ్యూటీకి పోగా, క్వార్టరులో ఒక్క ఇల్లాలిపైననే భారమంతయు పడుచున్నది.

మొదట తెలియవలసినది, ఇది అంటువ్యాధి కాదు. రోగికి కంచము వేరు చేయుట, మనుమలను దరి జేరనీయకుండుట తగదు. నిజమునకు అపాయము మననుండి రోగికే. కీమోథెరపీ వలన రక్తమందలి తెల్లకణములు తగ్గును. కావున దగ్గు, జలుబు గలవారు దూరముగా నుండవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఆహారము అప్పుడే వండినదై యుండవలెను. ఇంట థర్మామీటరు తప్పనిసరి. జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీటునకు చేరినచో, మాత్ర మింగించి తెల్లవారువరకు చూతమనరాదు. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి కొనిపోవలెను.

కీమో పిమ్మట సుమారు 48 గంటలు రోగి మలమూత్రములలోను, వాంతిలోను మందు అంశము లుండును. శుభ్రము చేయువారు చేతితొడుగులు ధరించి, మలినమైన బట్టలను విడిగా ఉతుకవలెను. గర్భిణులు ఆ పని చేయరాదు. క్యాన్సరు మాత్రలను నలుగగొట్టి యిచ్చుటయు కూడదు.

నోరు పూసినచో ఆవకాయ, మిరపకారము మానిపించి, మెత్తని పెరుగన్నము, జావ ఈయవలెను. ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో పుక్కిలింపజేయవలెను. రేడియేషను తగిలిన చర్మముపై వైద్యుని యడుగక పసుపుగాని, నూనెగాని పూయరాదు, కాపడము పెట్టరాదు. కొన్ని మందులవలన కాళ్లు చేతులు తిమ్మిరెక్కి వేడి తెలియదు. స్నానపు నీటిని మనమే చూచి పోయవలెను.

నీరసించిన రోగికి పడిపోవుట పెద్ద ప్రమాదము. స్నానపుగది నేల తడిలేకుండ తుడిచి, గోడకు పట్టుకొమ్మి బిగించి, రాత్రి చిన్నదీప ముంచవలెను. కదలలేనివారిని రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పినచో పుండ్లు పడుట తగ్గును.

ఇక నొప్పి. దానిని ఓర్చుకొనుట పుణ్యము కాదు. వైద్యుడు వ్రాసిన మార్ఫిను మాత్రను నొప్పి ముదిరిన పిమ్మట గాక, చెప్పిన వేళకే ఈయవలెను. మలబద్ధము కలుగును గనుక దానికి తగిన మందును అడిగి తీసుకొనవలెను. మాత్రలను తాళము వేసి, పిల్లలకు అందకుండ దాచవలెను.

చికిత్సకు రాయపూరు అంబేద్కర్ ఆసుపత్రిలో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రము కలదు; విశాఖలో హోమీ భాభా ఆసుపత్రి, హైదరాబాదులో 1955లో వెలసిన ఎం.ఎన్.జె. సంస్థ యున్నవి. చికిత్సార్థమై చేయు ప్రయాణమునకు రైల్వేవారి రాయితీయు కలదు. కొంత నెమ్మదించగనే చికిత్సను నడుమ మానివేయుట మాత్రము మహాపాయము.

చివరిగా నొక విన్నపము. మనము ఉగాదికి, సంక్రాంతికి చందాలు వేసికొని కూడుచున్నాము. అట్లే, మన వీధిలో ఒక యింట రోగియున్నచో, వారమునకొక రాత్రి ఒక్కొక్క కుటుంబము వంతు తీసుకొని కాపుండరాదా? ఆ రాత్రి ఆ యిల్లాలు కంటినిండ నిద్రించును. మరునాడు ఆమె చేతిలో మందు వేళ తప్పదు. ఇంతకంటె సంఘమునకు సార్థకత యేమున్నది?