రేడియోలో మన గొంతు కూడా వినపడాలి
(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొలం గట్టున చెట్టుకొమ్మకు తగిలించిన రేడియో మనలో చాలామందికి గుర్తే. పని ఆపనక్కర్లేదు, చదువు రానక్కర్లేదు, చెవులుంటే చాలు. 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం మొదలయ్యాయి. అయితే బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ వచ్చాకే రేడియో కరెంటు లేని పల్లెకు, పొలానికి చేరింది. 2014లో హుద్‌హుద్ తుపానుకు విశాఖ ప్రాంతంలో కరెంటు పోయి, సెల్‌ఫోన్లు మూగబోయిన రోజుల్లో దాని విలువ మళ్ళీ తెలిసొచ్చింది.

తంజావూరు రైతులు ఏడీటీ-27 వరిని 'రేడియో వరి' అని పిలిచారు. ఆ విత్తనం సంగతి వాళ్ళకు రేడియో ద్వారా తెలిసింది కాబట్టి ఆ పేరు. రేడియో మాటను రైతు అంతగా నమ్మాడు. కానీ విత్తనం గురించి, ఎరువు గురించి మనకు చెప్పినంతగా, పెట్టుబడి ఎంతయింది, గిట్టుబాటు అయిందా అని మనల్ని అడిగారా?

అడిగితే ఏమవుతుందో 1956లోనే తేలింది. మహారాష్ట్రలో ఐదు జిల్లాల పల్లెల్లో రైతులు గుంపుగా కూర్చుని రేడియో విన్నారు, చర్చించారు, ప్రశ్నలు రాసి కేంద్రానికి పంపారు. కేంద్రం జవాబులిచ్చింది. ఊరికే రేడియో ఉన్న ఊళ్ళకంటే ఇలా చర్చించిన ఊళ్ళే ఎక్కువ నేర్చుకున్నాయని పరిశీలనలో తేలింది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు కూడా సామాజిక రేడియో పెట్టుకునే అవకాశం వచ్చింది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళా రైతులు 'సంఘం రేడియో' మొదలుపెట్టారు. జొన్న, కొర్ర, విత్తనాల దాపు గురించి తమ యాసలోనే మాట్లాడుతున్నారు. అయితే సామాజిక రేడియోలో సొంతంగా వార్తలు చెప్పడానికి నేటికీ అనుమతి లేదు.

అందుకే మేం కోరేది ఇది. ప్రాంతీయ కేంద్రాల్లో వ్యవసాయ ప్రసారాల సమయం తగ్గించకూడదు. అధికారులతో పాటు కౌలురైతును, రైతుకూలీని, మహిళా రైతును మైకు ముందు కూర్చోబెట్టాలి. సామాజిక రేడియోకు స్థానిక వార్తలు చెప్పే హక్కు ఇవ్వాలి.

మనం చేయాల్సిందీ ఉంది. ప్రతి గ్రామశాఖ వారానికి ఒక సాయంత్రం కలిసి కూర్చుని వ్యవసాయ కార్యక్రమం వినాలి. వచ్చిన సందేహాలు, కష్టాలు కాగితం మీద పెట్టి, అందరం సంతకాలు చేసి కేంద్రానికి పంపుదాం. జవాబు రాకపోతే మళ్ళీ పంపుదాం. ఇన్నాళ్ళూ విన్నాం, ఇక మాట్లాడదాం.