ఫొటో మీది, కింద పేరెవరిది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. రీల్స్ చూడొద్దని చెప్పడానికి రాలేదు, అది హాస్టల్లో రోజూ చెప్పేదే. ఆ ఫోన్‌తో తీసిన ఫొటోను పత్రికకు అమ్మి చదువు ఖర్చుకు నాలుగు డబ్బులు ఎలా చూసుకోవచ్చో చెబుతాను.

2021 నవంబరు వరద గుర్తుందా? స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి పోయినారు. మా హాస్టల్లో చదివి వెళ్లిన ఒకమ్మాయి అప్పుడు తీసిన ఫొటో ఒక పత్రికలో వచ్చింది. కింద పేరు లేదు, చేతికి రూపాయి రాలేదు. అడిగితే "గ్రూపులో దొరికింది మేడమ్" అన్నారు.

గ్రూపులో దొరికితే వాళ్లదైపోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవాళ్లే దానికి తొలి హక్కుదారులు, రిజిస్టర్ చేయించాల్సిన పని కూడా లేదు. ఉద్యోగంలో భాగంగా తీస్తేనో, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటేనో లెక్క వేరు. కాబట్టి మంచి ఫొటో పడితే ముందు గ్రూపుల్లో పెట్టొద్దు. విలేకరికో, జిల్లా డెస్కుకో ఫోన్ చేసి, పేరు వేస్తారా, ఎంత ఇస్తారు అని అడగండి. చేసిన పనికి కూలి అడగడానికే మనవాళ్లు మొహమాటపడతారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఒప్పుకున్నాక వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. డాక్యుమెంటుగానో, మెయిల్లోనో పంపండి. "ఒక్కసారి వేసుకోవడానికి మాత్రమే" అని రాయండి. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నది కింద ఉండాలి. ఫొటోలో లేనిది చేర్చొద్దు, ఉన్నది చెరపొద్దు. సాయంత్రం పేజీలు కట్టేలోపు చేరకపోతే అది పాత ఫొటోనే.

డబ్బు పెద్దగా ఏం రాదు, కొందరు పేరుతోనే సరిపెడతారు. దీన్ని నమ్ముకుని చదువు మానొద్దు.

గంగజాతర వేషాల చుట్టూ ఎన్నో కెమెరాలుంటాయి. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు తొక్కిన చేను, ధర లేక పారబోసిన మదనపల్లె టమోటా, పులికాట్‌లో మనవాళ్ల చేపల వేట, వీటి దగ్గర ముందుండేది మీరే. ఏనుగుతో సెల్ఫీ మాత్రం వద్దు నాయనా, తొక్కిన చేను చాలు.

ఇంకొకటి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేయించాడు. అందులో యానాదుల ఫొటోలున్నాయి. కింద తెగ పేరు ఉంది, మనిషి పేరు లేదు. మీరు మన కాలనీలో ఫొటో తీస్తే ఆ అవ్వను అడిగి తీయండి, పేరు రాసుకోండి. చిరిగిన చీర, ఏడుపు మొహం అయితే తొందరగా అమ్ముడుపోతుంది, నాకూ తెలుసు. అయినా ఆ అవ్వ వద్దంటే వద్దు. లైంగిక దాడికి గురైన పిల్లల ముఖం, ఇల్లు, బడి తెలిసేలా పత్రికలో వేయడం పోక్సో చట్టం కింద నేరం. అలాంటివి ఎంత డబ్బిస్తామన్నా పంపొద్దు.

మదురై వైపు చేపలమ్మే తల్లి కొడుకు ఎం. పళని కుమార్. పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పారి'లో ఫొటోగ్రాఫర్ అయినాడు. పారిశుధ్య కార్మికుల బతుకుల మీద ఆయన తీసిన ఫొటోలు నెట్‌లో ఉన్నాయి, ఈ రాత్రే చూడండి.

ఫోన్లో మంచి ఫొటో ఉన్నవాళ్లు భోజనాలకు ముందే నా దగ్గరికి రండి. కింద ఏం రాయాలో కలిసి రాద్దాం. ఆ తరవాత నేను హాస్టల్ హాజరుకు పోవాలి.