వంగిన రెక్కను విరవకండి

మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల పల్లెలలో ఈ మాటలు వింటున్న తల్లులారా, తండ్రులారా, ముఖ్యంగా పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న పిల్లలారా, ఈ పూట మీతో ఒక బొమ్మ విమానం సంగతి చెప్పాలని ఉంది. పాస్టరుగారికి బొమ్మ విమానంతో పనేమిటని నవ్వుకోకండి. ఆ బొమ్మ దగ్గర నేను నేర్చుకున్న పాఠం సెమినరీలో కూడా నేర్చుకోలేదు.

అమెరికాలో ఉండే మా బావమరిది క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మా అబ్బాయికి ఒక చిన్న అట్టపెట్టె తెచ్చాడు. లోపల రెజిన్‌తో పోతపోసిన ముక్కలు ఉన్నాయి. వాటిని శుభ్రం చేసి, అతికించి, రంగు వేస్తే బెల్ ఎక్స్-1 అనే పాత ప్రయోగ విమానం నమూనా తయారవుతుంది. అసలు విమానం పొడవు దాదాపు 9.4 మీటర్లు. బొమ్మ అందులో 72వ వంతు, అంటే 13 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు.

మావాడికి ఆ విమానమంటే ఎందుకు ఇష్టమో చెప్పాలి. వాడి గదిలో గోడమీద రాజా చారి ఫోటో ఉంటుంది. 2021 నవంబరులో క్రూ-3 బృందానికి కమాండరుగా అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన వ్యక్తి ఆయనే. పుట్టింది అమెరికాలో. కాని ఆయన తాతగారిది మన మహబూబ్‌నగర్. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గణితం బోధించారు. రాజా చారి వ్యోమగామి కాకమునుపు ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో కొత్త విమానాలను పరీక్షించే పైలట్. ఎక్స్-1 ఎగిరింది కూడా అక్కడే. అప్పుడు ఆ స్థావరం పేరు మ్యూరాక్. పాలమూరు తాతగారి మనవడు నడిచిన నేలమీద ఎగిరిన విమానమని మావాడికి దానిమీద ప్రేమ.

పెట్టె అలాగే అలమరాలో ఉండిపోయింది. ఏప్రిల్ వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి. "సైటు ఓపెన్ అయితలేదు డాడీ" అన్నాడు మావాడు. సాయంత్రానికి వేరేవాళ్ల నోట తెలిసింది. లెక్కల్లో తప్పాడు.

ప్రియులారా, నేను దాచను. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్న బిడ్డను నోటికొచ్చినట్టు అన్నాను. సంఘంలో తలెత్తుకోలేనన్నాను. వాడు కంచం ముందునుండి లేచిపోయాడు. మూడు రోజులు సరిగా మాట్లాడలేదు, సరిగా తినలేదు. ఫలితాల రోజుల్లో పేపర్లలో ఎలాంటి వార్తలు వస్తాయో మీకు తెలుసు. వాళ్లమ్మ ఆ మూడు రాత్రులూ వాడి గది గుమ్మం దగ్గరే చాప వేసుకొని పడుకుంది. ఎందుకని నేను అడగలేదు. అడగనక్కరలేదు.

నాలుగో రోజు ఏం చేయాలో తోచక అలమరాలోని పెట్టె తీసి, "ఇది చేద్దామా బిడ్డా?" అన్నాను. వాడు జవాబు చెప్పలేదు గాని వచ్చి కూర్చున్నాడు.

రెజిన్ పనిలో మొదటి మెట్టు కడగడం. అచ్చులోనుండి సులువుగా ఊడిరావడానికి పూసిన నూనెలాంటి పదార్థం ముక్కలమీద ఉంటుంది. సబ్బునీళ్లతో అది పోగొట్టకపోతే జిగురు పట్టదు, రంగు నిలవదు. పోత పోసినప్పుడు మిగిలిన దిమ్మలను సన్నని రంపంతో కోయాలి. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు గనుక మాస్కు కట్టుకొని, గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దాలి. ఇదంతా వాడే చూపించాడు. నేను రుద్దుతూ కూర్చున్నాను.

అప్పుడు చూశాను, రెండు రెక్కలూ కాస్త వంగి ఉన్నాయి. పలుచని రెజిన్ అలా వంగడం మామూలే. నేను ఒక రెక్క తీసుకొని, రెండు చేతులతో పట్టి, బలంగా అవతలికి వంచాను. టక్కుమని రెండు ముక్కలైంది.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మావాడు మెల్లగా అన్నాడు, "బలం పెడితే విరుగుతది డాడీ. వేడినీళ్లల్ల పెట్టాలె."

ఒక గిన్నెలో వేడినీళ్లు తెచ్చి రెండో రెక్కను అందులో వేశాడు. కొద్దిసేపటికి అది మెత్తబడింది. తీసి, అద్దం పలకమీద పరచి, వేలితో నెమ్మదిగా సరిచేసి, చన్నీళ్లలో ముంచాడు. రెక్క తిన్నగా నిలిచింది. ఆ తర్వాత నేను విరిచిన రెక్కకు రెండు వైపులా సన్నని రంధ్రాలు చేసి, సూదంత తీగ పెట్టి సూపర్ గ్లూతో అతికించాడు. ప్లాస్టిక్ బొమ్మల జిగురు రెజిన్‌కు పనిచేయదట. అతుకుమీద లప్పం పెట్టి రుద్దాడు. ఇప్పుడు చూస్తే అతుకు కనబడదు గాని, అది ఎక్కడుందో నాకు తెలుసు.

ఆ పని చేస్తూ వాడు నోరు తెరిచాడు. నవంబరు నుండే తనకు లెక్కలు అర్థం కావడం లేదట. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "చెప్తే మీరు కోపం చేస్తరని" అన్నాడు.

ఇప్పుడు అసలు విమానం సంగతి వినండి. ఆ రోజుల్లో ధ్వని వేగాన్ని దాటడం అసాధ్యమని చాలామంది అనుకొనేవారు. 1946 సెప్టెంబరులో బ్రిటన్‌లో జెఫ్రీ డి హావిలాండ్ అనే పైలట్ దాదాపు ఆ వేగం దగ్గర విమానం ముక్కలై చనిపోయాడు. ఎక్స్-1 పైలట్ చక్ యేగర్. అతడు ధ్వని వేగంలో 94 వంతులు చేరినప్పుడు చేతిలోని కర్రను ఎంత లాగినా విమానం ముక్కు పైకి లేవలేదు. తోక వెనుక అంచున కదిలే చిన్న పలక, గాలి అదురు తరంగం వల్ల పనిచేయకుండా పోయింది. ఎంత బలం పెట్టినా ఫలితం లేదు. అతని స్నేహితుడు, ఇంజనీరు జాక్ రిడ్లీ లెక్క వేసి ఒక ఉపాయం చెప్పాడు. చిన్న పలకను వదిలేసి, తోక అడ్డపలకను మొత్తంగా కొద్దికొద్దిగా కదిలించమన్నాడు. ఆ ఏర్పాటు విమానంలో ముందే ఉంది. విమానం మాట విన్నది.

ఇంకొక సంగతి. 1947 అక్టోబరు 14న ఆ చరిత్రాత్మక ప్రయాణం. దానికి రెండు రాత్రుల ముందు యేగర్ గుర్రంమీదనుండి పడ్డాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. పై అధికారులకు చెబితే విమానం దక్కదని భయపడి దాచాడు. కుడిచేత్తో విమానం తలుపు గడియ వేసుకోలేని స్థితి. ఆ మాట రిడ్లీకి చెప్పుకున్నాడు. రిడ్లీ తిట్టలేదు. చీపురుకు ఉండే పొడుగు కర్రను జానెడంత కోసి చేతికిచ్చాడు. ఆ కర్రతో ఎడమచేత్తోనే గడియ పడింది. బి-29 అనే పెద్ద విమానం కింద వేలాడి, సుమారు 20,000 అడుగుల ఎత్తులో విడివడి, ఎక్స్-1 ధ్వని వేగాన్ని దాటింది. 24 ఏళ్ల యువకుడు గంటకు సుమారు 1,120 కిలోమీటర్ల వేగంతో వెళ్లాడు.

గాయాన్ని దాచి ఎగరడం మంచిదని నేను చెప్పడం లేదు. అందరికీ భయపడి దాచినవాడికి కూడా, చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. అది గమనించండి. తండ్రులారా, మీ బిడ్డకు ఆ మనిషి ఎవరు? మా ఇంట్లో నవంబరు నుండి ఏప్రిల్ దాకా ఎవరూ లేరు. నేను పై అధికారినై కూర్చున్నాను.

మన ఆరాటం నాకు తెలియనిది కాదు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలకు మట్టి మోశారు. ఆ తట్ట మన పిల్లల నెత్తిమీద పడకూడదనే మనం చదువు చదువు అంటాం. ఆ ఆశ మంచిదే. కాని వంగిన రెక్కను మన ఆశ బలంతో వంచితే విరుగుతుంది. నలిగిన రెల్లు దగ్గర చెయ్యి మెత్తన చేసుకొనే సేవకుని గురించి యెషయా ప్రవక్త చెప్పాడు. ఆ సేవకుని శిష్యులమని చెప్పుకొనే మనం, మార్కుల కాగితం చూడగానే ఎలాంటి చేతులతో బిడ్డను పట్టుకుంటున్నాం?

పిల్లలారా, మీకూ ఒక మాట. తప్పిన పరీక్ష మళ్లీ రాయవచ్చు. నాన్నకు చెప్పలేకపోతే అమ్మకు చెప్పండి, టీచరుకు చెప్పండి, మీ పాస్టరుగారి తలుపు తట్టండి. అర్ధరాత్రి అయినా తట్టండి. జానెడు కర్ర ఇచ్చేవారు ఒకరు దొరుకుతారు.

మావాడు సప్లిమెంటరీ రాశాడు. పాసయ్యాడు, గొప్ప మార్కులేమీ కావు. ఈసారి ఫలితం చూసింది మాత్రం ఇద్దరం కలిసి. నారింజ రంగు వేసిన ఆ చిన్న విమానం ఇప్పుడు నా బల్లమీద, బైబిలు పక్కనే ఉంది. ముక్కులో గాలానికి కట్టే సీసపు గుండు దాచిపెట్టాడు. అది లేకపోతే తోకమీద కూలబడుతుందట. కోపం వచ్చినప్పుడు నేను ఆ అతికిన రెక్క వైపు చూస్తాను.

ఈ రాత్రి భోజనం దగ్గర మీ బిడ్డను మార్కులు కాక, "ఏమి కష్టంగా ఉంది బిడ్డా?" అని ఒక్క మాట అడగండి. అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినండి. వినే చెవులను, మెత్తని చేతులను దేవుడు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.