తోకచుక్క వెనక ఓడ ఉందా?



1997 మార్చి, ఏప్రిల్ నెలలు గుర్తున్నాయా? అప్పటికి ఊహ తెలిసినవాళ్లు చూసే ఉంటారు. పొద్దు గూకిన తర్వాత వాయవ్య దిక్కున ఒక తోకచుక్క కనిపించేది. దుర్భిణి అక్కర లేదు. వాకిట్లో నిలబడి చూస్తే చాలు. పిల్లలు చూశారు. ముసలివాళ్లు చూశారు. ఎందరో భయపడ్డారు కూడా. తోకచుక్క వస్తే కరువు వస్తుందని, రాజుకు చేటని మన పెద్దలు అనేవారు కదా!

ఆ తోకచుక్క పేరు హేల్-బాప్. అది మనుషుల పేరే. 1995 జూలై 23 రాత్రి అమెరికాలో ఇద్దరు దాన్ని వేరువేరు చోట్ల కనిపెట్టారు. ఒకరు అలన్ హేల్. ఆయన ఆకాశశాస్త్రం చదువుకున్నవాడు. రెండోవారు థామస్ బాప్. ఆయనకు సొంత దుర్భిణి కూడా లేదు. స్నేహితుడి దుర్భిణిలో చూస్తుండగా అది కంటబడింది. ఇద్దరి పేర్లూ కలిపి దానికి పెట్టారు.

తోకచుక్క అంటే ఏమిటి? మంచు, దుమ్ము కలిసిన పెద్ద ముద్ద. హేల్-బాప్ ముద్ద అడ్డం సుమారు 60 కిలోమీటర్లు. అది సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. సూర్యుడి దగ్గరికి వచ్చేకొద్దీ వేడికి మంచు ఆవిరి అవుతుంది. ఆవిరీ దుమ్మూ సూర్యుడికి ఎదురు దిక్కుగా చిమ్ముతాయి. అదే తోక. అది కోపమూ కాదు, శాపమూ కాదు. భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు కూడా అది 19 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలోనే ఉంది. మన పంటల్ని, మన పిల్లల్ని అది ఏమీ చేయలేదు.

అయినా ఆ రోజుల్లోనే ఒక ఘోరం జరిగింది. తోకచుక్క వల్ల కాదు. ఒక తప్పుడు మాటను నమ్మడం వల్ల.

అది ఎట్లా జరిగిందో వినండి.

1996 నవంబరు 14 రాత్రి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒకాయన తన దుర్భిణికి కెమెరా తగిలించి హేల్-బాప్ ఫొటో తీశాడు. ఫొటోలో తోకచుక్క పక్కన ఇంకో వెలుగు కనిపించింది. దానికి రెండు పక్కలా గీత ఉంది. శనిగ్రహానికి వలయం ఉన్నట్టుగా ఉంది. ఆయన తన కంప్యూటర్‌లో నక్షత్రాల పటం చూశాడు. ఆ చోట నక్షత్రం ఏదీ కనబడలేదు. "తోకచుక్క వెంట ఏదో పెద్ద వస్తువు వస్తోంది" అని రేడియోలో చెప్పాడు.

ఆ మాట ఊరూరా పాకింది. "అది వేరే లోకం వాళ్ల ఓడ" అన్నారు కొందరు. "సర్కారు దాచిపెడుతోంది" అన్నారు ఇంకొందరు.

శాస్త్రవేత్తలు ఊరికే "కాదు" అని ఊరుకోలేదు. ఆ ఫొటోలోని చోటును పెద్ద నక్షత్ర పటాల్లో వెతికారు. అక్కడ ఒక మామూలు నక్షత్రం ఉంది. అది ఎప్పటి నుంచో పటాల్లో ఉన్నదే. దానికి ఒక నెంబరు కూడా ఉంది. ఆయన చూసిన పటంలో మాత్రం అది కనబడలేదు.

మరి ఆ గీత ఎక్కడిది? రాత్రి పూట కళ్లు సగం మూసి దీపం వైపు చూడండి. దీపం నుంచి గీతలు వచ్చినట్టు కనిపిస్తుంది. దీపానికి గీతలు లేవు. అవి చూసే కంటిలో పుట్టినవి. కెమెరాలో, దుర్భిణిలో కూడా అంతే. బాగా వెలిగే చుక్కను ఫొటో తీస్తే ఒక్కోసారి పక్కన గీతలు పడతాయి.

ఆ నక్షత్రం తోకచుక్క వెంట వస్తున్నట్టు ఎందుకు కనిపించింది? ఎడ్లబండి దారిన పోతూ ఉంటుంది. ఎక్కడో దూరాన కొండ మీద ఒక గుడి ఉంటుంది. ఒక్క క్షణం బండీ గుడీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. కాసేపటికి బండి ముందుకు పోతుంది. గుడి ఉన్నచోటే ఉంటుంది. తోకచుక్క బండి లాంటిది. నక్షత్రం గుడి లాంటిది. నిజం తేలాలంటే మరునాడు రాత్రి మళ్లీ చూడాలి. తోకచుక్క జరిగి ఉంటుంది. నక్షత్రం జరగదు.

టెక్సాస్ ఆయనది పొరపాటు. కానీ తర్వాత మోసం కూడా జరిగింది. 1997 జనవరిలో ఇంకో ఫొటో బయటికి వచ్చింది. పేరు చెప్పని ఒక గొప్ప శాస్త్రవేత్త తీసిందని ప్రచారం చేశారు. అందులోనూ తోకచుక్క పక్కన వింత వెలుగు ఉంది. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసే డేవిడ్ థోలెన్, ఆయన తోటివారు ఆ ఫొటో చూశారు. చూడగానే గుర్తుపట్టారు. అది 1995లో తాము తీసిన ఫొటోయే! ఎవరో దాన్ని మార్చి, లేని వెలుగును అతికించారు. అసలు ఫొటో, మార్చిన ఫొటో రెండూ పక్కపక్కన పెట్టి అందరికీ చూపించారు.

నిజం బయటపడింది. కానీ పుకారు ఆగలేదు.

కాలిఫోర్నియాలో హెవెన్స్ గేట్ అనే ఒక బృందం ఉండేది. స్వర్గద్వారం అని దాని అర్థం. దాని నాయకుడు మార్షల్ ఆపిల్‌వైట్. వేరే లోకం నుంచి ఓడ వచ్చి తమను తీసుకుపోతుందని ఆయన ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాడు. టెక్సాస్ ఫొటోతో ఆ నమ్మకం మొదలు కాలేదు. కానీ తోకచుక్క రాగానే, ఓడ వచ్చే వేళ అయిందని వాళ్లు అనుకున్నారు. 1997 మార్చి నెలాఖరులో ఆ నాయకుడితో సహా 39 మంది ప్రాణాలు తీసుకున్నారు. వారిలో 21 మంది ఆడవాళ్లు.

అక్కలారా! వాళ్లు చదువురాని వాళ్లు కారు. కంప్యూటర్ పనులు చేసి సంపాదించేవాళ్లు. చదవడం వచ్చు. రాయడం వచ్చు. కానీ నాయకుడి మాటను అడిగి చూడడం మానేశారు. ఇల్లు, పిల్లలు, అయినవాళ్లు అందరినీ వదిలి వచ్చినవాళ్లు వారిలో ఉన్నారు. "ఇది నిజమేనా?" అని పక్కన కూర్చుని అడిగే మనిషి వారికి లేకుండా పోయింది.

ఓడ రాలేదు. తోకచుక్క తన దారిన తాను పోయింది. మళ్లీ రావాలంటే రెండు వేల ఏళ్లకు పైగా పడుతుంది.

ఇట్లాంటి ఫొటో ఇదొక్కటే కాదు. 1976 జూలై 25న వైకింగ్-1 అనే అమెరికా నౌక అంగారకుడి ఫొటో తీసింది. అందులో ఒక కొండ అచ్చం మనిషి ముఖంలా ఉంది. కళ్లు, ముక్కు, నోరు ఉన్నట్టే ఉన్నాయి. అవి కొండ మీద పడిన నీడలని శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు. అయినా అది వేరే లోకం వాళ్లు చెక్కిన బొమ్మ అని పుస్తకాలే రాశారు. 1998లో ఇంకో నౌక అంతకన్నా మంచి కెమెరాతో మళ్లీ ఫొటో తీసింది. కొండే కనిపించింది. "ఆ రోజు మబ్బు ఉంది, సరిగా పడలేదు" అన్నారు కొందరు. సరే అని 2001 ఏప్రిల్‌లో మబ్బు లేని రోజు చూసి మళ్లీ తీశారు. అప్పుడూ కొండే. ముఖం లేదు.

చందమామలో మనకు కుందేలు కనబడదా? అలాగే ఇదీ. మన కన్ను నీడల్లో, మరకల్లో ముఖాలు వెతుకుతుంది. అది తప్పు కాదు. పుట్టుకతో వచ్చిన గుణం.

మరి వేరే లోకాల్లో జీవులే లేరా? ఉన్నారని ఇంతవరకు రుజువు దొరకలేదు. లేరని కూడా ఎవరూ తేల్చలేదు. శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. మన దేశం నుంచి కూడా మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరి, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి దగ్గరికి చేరింది. ఆ గ్రహం ఫొటోలు తీసి పంపింది. వెతకడం మంచిదే. వెతకకుండానే నమ్మడం మంచిది కాదు.

ఇప్పుడు ఇంటింటా సెల్‌ఫోన్ ఉంది. రోజూ ఏదో ఒక వింత ఫొటో వస్తుంది. ఆకాశంలో ఓడ అంటారు. ఫలానా ఆకు పసరు తాగితే రోగం పోతుందంటారు. ఫలానా చోట డబ్బు కడితే రెట్టింపు అవుతుందంటారు. అచ్చులో ఉంది కదా, ఫొటో ఉంది కదా అని నమ్మవద్దు. ఈ ఫొటో ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? ఇంకెవరైనా చూశారా? మళ్లీ చూస్తే అట్లాగే ఉంటుందా? నమ్మితే ఎవరికి లాభం? ఈ ప్రశ్నలు అడగండి. ఒంటరిగా ఆలోచించకండి. నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. ఎవరైనా "అడగవద్దు, నమ్ము" అంటే, అక్కడే జాగ్రత్త పడండి.

మీరు కష్టపడి అక్షరాలు నేర్చుకున్నారు. రాత్రిళ్లు నిద్ర ఆపుకుని పలక పట్టారు. ఆ అక్షరాలతో చదవండి. చదివినదాన్ని అడగండి. ఈ రాత్రి పని ముగిశాక పిల్లల్ని వాకిట్లోకి పిలిచి ఆకాశం చూపించండి. ఒక చుక్కను, దాని పక్కన ఉన్న చుక్కల్ని గుర్తు పెట్టుకోమనండి. రేపు రాత్రి మళ్లీ చూసి, ఏది జరిగిందో, ఏది జరగలేదో వాళ్లనే చెప్పమనండి.